నొప్పి లేని సారీ

ఎల్లస్వామికి వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట. దానితోనే కాజీపేట జంక్షన్‌లో బతుకుతున్నాడు.

భుజంతో తగిలి "సారీ" అంటే చాలు. ఎంతటివాడైనా ఇంగ్లీషుకు మర్యాదగా తల ఊపుతాడే తప్ప జేబు తడుముకోడు. ఒకసారి తెలుగులో "తప్పయింది" అని చూశాడు. చెంప పగిలింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, చలికాలం మధ్యాహ్నం. తొర్రూరు పత్తి షావుకారుకు తగిలాడు, సారీ అన్నాడు, ఆయన కోటులోని బంగారు గొలుసు గడియారంతో ఇవతలికొచ్చాడు. కానీ గేటు చేరకముందే షావుకారు కేకలు మొదలయ్యాయి. గేటు మూశారు. పోలీసు జవాను ఒక్కొక్కడి జేబూ వెతుకుతూ వస్తున్నాడు.

మళ్ళీ దొరికితే జైలేనని పోలీసులు ఎల్లస్వామికి ముందే చెప్పి వదిలారు. ఇంటిదగ్గర భార్య పూలమ్మకు నెలలు నిండాయి. గడియారం పారేద్దామంటే చుట్టూ కళ్ళే. బెంచీ మీదున్న ముసలి జంట పక్కన కొడుకులా ఒదిగి కూర్చుంటూ, పెద్దాయన మోచేతికి తగిలి అలవాటుగా సారీ అన్నాడు.

కళ్ళద్దాల పెద్దాయన నవ్వాడు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడట.

"ఆ మాట ఏడికెల్లి పుట్టిందో ఎరికేనా తమ్మీ?"

తెలియదన్నాడు ఎల్లస్వామి, జవానునే చూస్తూ.

పెద్దాయన తీరిగ్గా చెప్పుకొచ్చాడు. ఒంటి మీది పుండు సలిపే బాధలోంచి పుట్టిందట ఆ మాట. తర్వాత మనసు బాధకు ఎక్కింది. చావుకు పోయినా అదే అంటారు, చెప్పింది వినబడకపోయినా అదే అంటారు.

"ఇప్పుడు కాలు తొక్కినోడు ఉత్తగనే అంటాండు. నొప్పేమో తొక్కించుకున్నోనిది. గందుకే మా ఇంటామె సమ్మమ్మకు ఆ మాట నచ్చది. ఆమెది పాత పద్ధతి."

బొగ్గు ఇంజను పొగ కక్కుతూ బండి వచ్చింది. అందరితోపాటు ఎల్లస్వామీ లేచాడు. మూటతో లేస్తున్న సమ్మమ్మ అతని పాదం తొక్కింది. "అయ్యో బిడ్డా" అంటూ, ఒక చేత్తో అతని నడుము ఆసరా పట్టి వంగి, రెండో చేత్తో ఆ పాదాన్ని తాకి వేళ్ళు కళ్ళకద్దుకుంది. అంత పెద్దావిడ తన కాలు తాకితే ఎల్లస్వామికి సిగ్గేసింది.

జవాను ముసలివాళ్ళకు దారిచ్చి, వాళ్ళు బండెక్కాక ఎల్లస్వామి జేబులో చెయ్యి పెట్టాడు. ఎల్లస్వామి కళ్ళు మూసుకుని పూలమ్మను తలుచుకున్నాడు.

జేబులోంచి ప్లాట్‌ఫారం టికెట్ వచ్చింది.

"టికెట్ కొన్నవా? బాగుపడ్డవ్‌రా. పో."

ఎల్లస్వామి జన్మలో ఎన్నడూ ఆ టికెట్ కొనలేదు. గడియారం లేదు. కాసేపటికి గాని అర్థం కాలేదు. ఆ తల్లి అంతా చూసింది. చూసి కూడా పట్టివ్వకుండా, గడియారం తీసి టికెట్ పెట్టి, పుట్టబోయే బిడ్డకు తండ్రిని మిగిల్చింది. గడియారం ఎలాగో షావుకారుకు చేరుస్తుంది. ఇకమీదట కూలికే పోతానని ఒట్టు పెట్టుకుంటూ, ఆమెకు దండం పెడదామని కదిలే బండి వెంట పరుగెత్తాడు.

కిటికీలో పెద్దాయన బంగారు గొలుసు లాగి, టైం చూసుకుని, గడియారాన్ని మళ్ళీ తన జేబులోకి జార్చుకుంటూ "సారీ తమ్మీ" అన్నాడు, పిసరంత నొప్పి కూడా లేకుండా.