ఒళ్ళు నొప్పుల మాత్ర

"నొప్పి మాత్రలు ఎవరిచ్చారు?" అని అడిగింది డాక్టరు జ్ఞానమణి.

వీరభద్ర తెల్లబోయాడు. బేతంచెర్లలో బండల పాలిష్ మిషను నడిపే మనిషి. భార్యకు మూత్రం ఆగిపోయిందని పొద్దున్నే కారు మాట్లాడుకొని కర్నూలు ఆసుపత్రికి తెచ్చాడు. మంచం మీద శివజ్యోతి కళ్ళు మూసుకొని పడుకుంది. కడుపు నీరు పట్టి బిగుసుకుపోయింది.

"ఏం మాత్రలు మేడమ్?"

"లివర్ ఇంతగా గట్టిపడినవాళ్ళకు కిడ్నీలు ఊరికే పోవు. ఏదో ఒకటి వాటిని దెబ్బతీస్తుంది. రక్తం కక్కిందా అంటే లేదు. విరేచనాలు లేవు. కడుపులో నీటికి చీము పట్టలేదు. నీరు దిగే మాత్రలు చెప్పినన్నే వేశారు. చివరికి అడిగితే ఆమే ఒప్పుకుంది, చాన్నాళ్ళుగా నొప్పి మాత్రలు మింగుతోందట. అవి వద్దని మీకు మొదట్లోనే చెప్పాను."

చెప్పిన మాట నిజమే. ఇంట్లో నొప్పులెవరికున్నాయని, వీరభద్ర ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

లివర్ జబ్బనగానే తాగుడే కదా అని ఊరు చెవులు కొరుక్కుంది. ఎప్పుడో సోకిన కామెర్ల వైరస్ అని తేలాక గానీ నోళ్ళు మూతపడలేదు. వీరభద్ర కూడా చుక్క ముట్టడు. ఆ మాట మీసం దువ్వి మరీ చెప్పుకుంటాడు. ఆమెకు ఉప్పు తగ్గించమంటే ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరే వండించాడు. నీళ్ళ బిందె కూడా ఆమెతో ఎత్తనివ్వలేదు. అతని తల్లి సుంకమ్మే మోసేది.

"ఆమెకు నొప్పులేంది మేడమ్? కూలికి పోదు, బరువెత్తదు."

డాక్టరు శివజ్యోతి రెట్ట తడిమింది. చర్మం నల్లగా కమిలి ఉంది. "లివర్ చెడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. కాస్త తగిలినా ఇలా అవుతుంది," అంది. వీరభద్ర తలూపాడు.

"ఎక్కడమ్మా నొప్పి?"

శివజ్యోతి కళ్ళు తెరిచి మొగుడి వైపు చూసింది. "ఒళ్ళు నొప్పులు మేడమ్. అంతే."

"నాతో ఒక్క మాట అనింటే అప్పుడే ఈడికి తోడుకొచ్చిందును గదే!" అతనికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. తువ్వాలుతో ఆమె నుదురు తుడిచాడు. పక్క మంచం మీది ముసలామె, "ఇట్లాంటి మొగుడు దొరికేది శానా అదృష్టం," అని గొణిగింది.

డయాలసిస్ పెట్టారు. వారం తిరక్కుండానే శివజ్యోతి పోయింది. ఆ మాత్రలు ఎవరిచ్చారో చివరిదాకా చెప్పలేదు.

దినాలు కాగానే వీరభద్ర నేరుగా ఊళ్ళోని మందుల అంగడికి పోయి, అది నడిపే తిమ్మయ్య చొక్కా పట్టుకొని బజార్లోకి ఈడ్చాడు.

"నా పెండ్లాన్ని సంపితివి గదరా! జబ్బు మనిషికి నొప్పి మాత్రలు అమ్ముతావా?"

జనం మూగారు. బండల లారీలు ఆగిపోయాయి. అందరిదీ వీరభద్ర పక్షమే. "కడుపు కాలిన మనిషి, నాలుగు తన్ననీండప్పా," అన్నారెవరో.

తిమ్మయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "దేవుని సాక్షిగా సెప్తాండా, ఆ యమ్మ నా అంగడి మెట్టే ఎక్కలేదు. మీయమ్మే తన మోకాళ్ళ నొప్పులకని కొనుక్కపోతాండె. కోడలికిస్తాదని నాకేం తెలుసప్పా?"

వీరభద్ర చెయ్యి సడలింది. గొడవ తెలిసి ఉరుకుతూ వచ్చిన సుంకమ్మ అప్పటికే జనం మధ్య నిలబడి ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వామ్మా? ఆ మాత్రలు దానికెందుకిచ్చినావు?" అతను తల్లి వైపు తిరిగాడు.

సుంకమ్మ నోటికడ్డం పెట్టిన కొంగు తీసింది.

"నువ్వు కొట్టి పోయినప్పుడల్లా ఆ పిల్ల పక్క మీంచి లేయలేక ఏడుస్తాంటే, ఇంకేమియ్యల్ల నాయనా?"