ఉప్పు గోలీ

ఉప్పు గోలీలు మొదట మా చినగంజాం ఉప్పు మడుల్లోకే వచ్చాయి. మంచినీళ్లలో నిమ్మకాయంత ఉబ్బే ఆ మెత్తటి గోలీ, నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. శనగగింజంత అయితే మడి పండినట్టు. అంతవరకూ నాలుకతో చూసి ఆ మాట చెప్పింది నేనే. ఆ పని పోయింది.

ఏడాది తిరక్కుండా గోలీలు ప్రతి వంటింట్లోనూ చేరాయి. చారులో వేస్తే, ఉప్పు సరిపోగానే రేగుపండంత అవుతుంది.

అంతకుముందు మా ఆవిడ అంకమ్మ, వండే చెయ్యి ఎంగిలి కాకూడదని తను రుచి చూసేది కాదు. గరిటెతో వచ్చి నా అరచేతిలో చారు చుక్క వేసి, "ఉప్పు చూడు" అనేది. ఎంత పోట్లాడుకున్నా చారు మరిగే వేళకి ఆ రెండు మాటలూ అనక తప్పేది కాదు. మా అలకలు అక్కడే తీరేవి. గోలీ వచ్చాక వారాల తరబడి సాగుతున్నాయి.

మొన్నటి అలకకి నాలుగో రోజు. అంకమ్మ పెరట్లో ఉండగా గోలీ తీసి రాళ్లుప్పు జాడీలో పాతేశాను. మర్నాటికి మిరియపు గింజంత అయింది. నీళ్లలో వేసినా మళ్లీ ఉబ్బలేదు.

అంకమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. కాసేపటికి గరిటె పట్టుకుని వచ్చింది.

"చెయ్యి పట్టు. ఉప్పు చూడు."

అరచెయ్యి చురుక్కుమంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

"తెలియలా. ఇంకో చుక్క వెయ్యి," అన్నాను.