నల్లరోజు

చిన్న కథ, ఒక్క గుక్కలో అయిపోతుంది. పూర్వం రోము నగరంలో ఒక పూజారి ఉండేవాడు. ఆయనకు దేవుడి మీద ఎంత భక్తో, భోజనం మీద అంతకంటే ఎక్కువ. ఆయన పొట్ట సంగతి మొదలుపెడితే పొద్దుగూకుతుంది, వదిలేద్దాం.

ఆయన దొడ్డిలో ఒక తెల్లగొర్రె ఉండేది. ప్రతి నెలా నడిమి రోజున, అక్కడివాళ్లు ఐడ్స్ అనే రోజున, జూపిటర్‌కు తెల్లగొర్రెను బలిచ్చేవారు. ఆ నెల దీని తోటిదాన్ని తీసుకెళ్లారు. మర్నాడు కూడా ఇది మేత ముట్టకుండా మూలన వణుకుతూ నిలబడింది.

"ఏం వదినా, ఆ వణుకుడికి ఉన్న బొచ్చంతా రాలేలా ఉంది," అంది అదే దొడ్డిలోని పెద్దబాతు. "ఇవాళ నల్లరోజు. వెనకటికి ఒక సేనాపతి ఐడ్స్ మర్నాడు బలిచ్చి, యుద్ధానికెళ్లి చిత్తుగా ఓడిపోయాడు. శత్రువులు ఊరి మీద పడ్డారు. వాళ్లు రాత్రిపూట మన కోటకొండ ఎక్కుతుంటే అరిచి జనాన్ని లేపింది మా ముత్తాతలే! అప్పట్నుంచీ ఈ రోజున బలుల్లేవు."

"నిజంగానా వదినా?"

"కత్తికి సెలవంటే నమ్మవేం? ఇక మమ్మల్నంటావా, ముట్టుకునే మగాడు ఈ ఊళ్లో పుట్టలేదు. మేత తిను."

గొర్రె ఒక పరక కొరికింది. అంతలో వంటవాడు కత్తి పట్టుకుని వచ్చాడు. గొర్రె కళ్లు మూసుకుంది.

వంటవాడు దానివైపు చూడనైనా లేదు. దేవుడి సొత్తు ముట్టుకునేంత పాపి కాడు. నల్లరోజున బలి లేనిది దేవుడికే, పూజారికి భోజనం ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన పెద్దబాతు కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు.

గొర్రెను మరుసటి నెల ఐడ్స్‌కు తీసుకెళ్లారు.