ముందా, పైనా?

"ముందు పెట్టనా, పైన పెట్టనా? బేగి సెప్పరా సుక్రూ!"

పాడేరు మెకానిక్ సువార్తరావు ఇంటర్‌కూలర్‌ని భుజానెత్తుకుని నిలబడ్డాడు. తుక్కు లారీ నుంచి ఊడదీసిన, రేడియేటర్ లాంటి అల్యూమినియం పెట్టె అది. సుక్రు జీపుకి పోయిన వారమే టర్బో బిగించారు. బలమైతే వచ్చింది. కానీ టర్బో తోసే గాలి సలసలా కాగిపోయి, ఘాట్‌లో ఎనిమిదో మలుపు దగ్గర ఇంజన్ చతికిలబడుతోంది. ఇక అది చల్లారేదాకా మూడు గంటలు అక్కడే పడిగాపులు. ఆ గాలిని చల్లబరచాల్సింది ఈ పెట్టే.

"ఏది బేగి అవుద్దన్నా?"

"ఇంజన్ మీదైతే సాయంత్రానికిచ్చేత్తాను. బానెట్‌కి కన్నం కోసీడమే. కానీ కిందనుంచి ఇంజన్ వేడి కొడతాది. ఘాట్‌లో నువ్వు నడిసినట్టు ఎక్కుతావు, ఇంక పైకి గాలెక్కడిది? రేడియేటర్ ముందైతే ఫ్యానే లాగుతాది. గొట్టాలొంచి అతకాల. రేపు పొద్దున్నకి గానీ అవదు."

సుక్రు నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రిలో తండ్రి సోంబరుని డాక్టరు చెయ్యొదిలేశాడు. "ఇంటికి తీసుకెళ్లండి. రేపు సాయంత్రం దాటదు" అన్నాడు. ఘాట్ పైనున్న వాళ్ల ఊరు గొందిమెట్టలో పాత కట్టుబాటు ఒకటుంది. పొలిమేర బయట ప్రాణం పోయినవాణ్ణి ఊళ్లోకి తేనివ్వరు, బయటే గొయ్యి తీస్తారు. సోంబరు తమ్ముడు అలాగే వాగొడ్డున ఒక్కడూ పడున్నాడు. "నన్నక్కడ పారీకురా అయ్యా" అని ముసలాయన మూడు రోజులుగా ఒకటే ఏడుపు. పోనీ వేరే జీపులో పోదామా అంటే, చావు జరిగిన బండి మళ్లీ జనం ఎక్కరని ఏ డ్రైవరూ దగ్గరకే రాలేదు.

ఇవాళే బయల్దేరితే దారిలో ఆగిపోవచ్చు. రేపైతే ముసలాయన ఉంటాడో ఉండడో! ఎటు చూసినా గొయ్యే.

"ముందే పెట్టన్నా," అన్నాడు సుక్రు ఏడుస్తూ. "అయ్య ఆగుతాడు. బండే ఆగకూడదు."

మర్నాడు పొద్దున్నే ముసలాయన్ని జీపు వెనక సీట్లో పడుకోబెట్టారు. సుక్రు పెళ్లాం కనక మావ తల ఒళ్లో పెట్టుకుంది.

"ఇంటికేనా?" అన్నాడు సోంబరు, కళ్లు తెరిచి.

"ఇంటికే అయ్యా."

ఆస్పత్రి గేటు తీయడానికి వాచ్‌మన్ ఓ నిమిషం ఆపాడు. వెనకనుంచి "మావా!" అని కనక గొంతు.

"ఏటయిందే?"

"ఏటీ నేదు. సలేత్తందని దుప్పటి కప్పినాను. పోనీ, బేగి పోనీ!"

సుక్రు కళ్లన్నీ రోడ్డు మీద, చెవులన్నీ ఇంజన్ మీద. మలుపు మలుపుకీ అదే అడిగాడు.

"ఊపిరాడతందా?"

"ఆడతంది. నువ్వు రోడ్డు సూడు."

ఎనిమిదో మలుపొచ్చింది. సుక్రు గేరు మార్చి తొక్కాడు. ఇంజన్ కాస్త గునిసింది, అంతే, మళ్లీ అందుకుంది. ఓరి నాయనో, ఎక్కేస్తోంది!

"కాసేపాపుతానే, అయ్యకి గొంతు తడుపుదాం."

"వద్దు, ఆపకు! నాను తడిపీసినాను!" కనక అంత గట్టిగా అరవడం సుక్రు ఎన్నడూ వినలేదు. భయపడిపోయింది పిచ్చిది, అనుకున్నాడు.

పొలిమేర రాళ్ల దగ్గర ఊరి పెద్ద మంగ్లు తాత నలుగురితో కాపుకాసి ఉన్నాడు. సోంబరుతో కలిసి పశువులు కాసిన మనిషి. అయినా కట్టుబాటు కట్టుబాటే.

"ఉన్నాడా?"

"ఉన్నాడు తాతా. మంచి నిద్దర్లో ఉన్నాడు," అంది కనక.

తాత జీపులోకి వంగి దుప్పటి కింద చెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత కనక మొహంలోకి చూశాడు. ఆమె కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి గానీ చూపు తిప్పుకోలేదు.

తాత చెయ్యి తీసి, దుప్పటి సర్ది, నలుగురికీ వినబడేలా చెప్పాడు.

"ఊపిరుంది. ఊళ్లోకి పోనీండి."

సుక్రు స్టీరింగ్ మీద వాలిపోయి భోరుమన్నాడు. "ముందు పెట్టించబట్టి గెలిసినామే కనకా! అయ్య పేనంతో ఇంటికొచ్చేసినాడు!"

సోంబరు ఆస్పత్రి గేటు దగ్గరే పోయాడు.