పన్ను నొప్పి

కోయిలకుంట్లలో బస్సెక్కే ముందు శేషన్న కూతురి దవడకు తుండుగుడ్డ కట్టాడు. గడ్డం కిందినుంచి తెచ్చి నడినెత్తిన ముడి వేశాడు. ఎవరు చూసినా, పాపం పన్ను నొప్పి అనుకోవాలి.

నిజానికి రామేశ్వరి పళ్లు రాళ్లలా ఉన్నాయి. పోయిందల్లా మాట. మొన్న వానాకాలంలో అవ్వ చనిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆమె పక్కలోనే పడుకున్న పిల్ల ఆ పొద్దు నుంచి నోరు విప్పలేదు. అంతకు ముందు దాని వాగుడు భరించలేక బడిపంతులు అప్పుడప్పుడు బయట కూచోబెట్టేవాడు. ఇప్పుడు ఆ పంతులే శేషన్నను పక్కకు పిలిచి చెప్పాడు.

“కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ వచ్చిందంట. వసారా చివరి గది. తీసుకోనిపో.”

వైద్యం సంగతి సరే. అలాంటి డాక్టరు దగ్గరికి వెళ్లారని ఊళ్లో తెలిస్తే పిల్లకు పిచ్చిదన్న పేరు పడుతుంది. పడిన పేరు పెళ్లీడు దాకా వెంట వస్తుంది. శేషన్న భయమంతా అదే. భార్య మాత్రం గడపలో నిలబడి, “ఒక్క మాటన్నా పలికించుకోనిరా,” అని సాగనంపింది.

బస్సు కదలబోతుండగా సుంకులమ్మ ఎక్కింది.  ఆమెది శేషన్న వీధే. ఆమె చెవిన పడిన మాటకు వేరే దండోరా అక్కర్లేదు. వెంట మనవడు ఆంజనేయులు ఉన్నాడు. వాడి దవడకూ గుడ్డ కట్టి ఉంది.

“ఏమప్పా శేషన్నా, యాడికి?”

“పాపకు పన్ను నొప్పి అత్తా. పెద్దాసుపత్రికి పోతాండాం.”

సుంకులమ్మ ముఖం ఎందుకో చిన్నబోయింది. “మావోనికీ పన్నే,” అంది.

“అట్లయితే కలిసే పోదాం,” అనక తప్పలేదు శేషన్నకు.

కర్నూలు రాజధాని అయిన కొత్త. ఊరి బయట సర్కారు కచేరీల డేరాలు బారులు తీరి ఉన్నాయి. పిల్లలిద్దరూ కిటికీకి అతుక్కుపోయి చూశారు. శేషన్న మాత్రం సుంకులమ్మను వదిలించుకునే ఉపాయం కోసం బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఒక్కటీ తట్టలేదు.

ఆసుపత్రి వసారాలో ‘పళ్ల డాక్టరు’ అని రాసిన గది తలుపు మూసి ఉంది. దాని ముందు పొడుగాటి బెంచీ. బెంచీ పొడుగునా దవడలకు గుడ్డలు కట్టిన పిల్లలే. జిల్లా మొత్తానికి పళ్లు పుచ్చినట్టున్నాయి అనుకున్నాడు శేషన్న. పక్కదే చివరి గది. తలుపు తెరిచే ఉంది గానీ లోపల కుర్చీ ఖాళీ.

“నువ్వు ముందు పో శేషన్నా,” అంది సుంకులమ్మ.

“పెద్దదానివి, నువ్వే ముందు సూపించుకో అత్తా.”

“నాకేం తొందరప్పా.”

“నాకు మాత్రం ఏముండాది?”

ఇద్దరూ కూచున్నారు. ఒకరు లేస్తారేమోనని ఇంకొకరు చూస్తూ అలాగే ఉండిపోయారు. ఊరుకోలేక శేషన్న పక్కనున్న ఒకావిడను పలకరించాడు.

“ఇది మూడోసారప్పా మేము రావడం. మావానికి శానా గుణమాయ,” అందామె.

“పన్ను పీకినారా?”

“ఏమీ పీకలే,” అని ఆమె ముఖం తిప్పుకుంది.

బెంచీ ముందు నేల మీద, నూలు చీర కట్టుకున్న ఒకామె పిల్లల్ని చుట్టూ పెట్టుకుని గచ్చకాయలు ఆడుతోంది. పక్కన చెరకు ముక్కలు. ఎవరి మేనత్తో అనుకున్నాడు. ఇంతలో రామేశ్వరి కట్టు విప్పేసి ఆ గుంపులో చేరింది. ఒక ముక్క అందుకుని దవడ పళ్లతో పైతొక్క చీల్చింది.

 బండారం బయటపడిందనుకుని శేషన్న భయంభయంగా సుంకులమ్మ వైపు చూశాడు. ఆమె దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తోంది. ఆంజనేయులు అప్పటికే రెండో ముక్క నములుతున్నాడు.

ఎండ వసారా లోపలికి పాకింది. ఇంకాసేపైతే డాక్టర్లు ఇళ్లకు వెళ్లిపోతారు. భార్యకు ఏ ముఖం చూపించాలి? తన పిరికితనం మీద శేషన్నకు అసహ్యం వేసింది.

అప్పుడు వినిపించింది.

“నీ చెయ్యి కాయకు తగిలింది. తొండాట ఆడతాండావు నువ్వు.”

శేషన్న దిగ్గున లేచాడు. బొంగురుపోయి ఉంది గానీ, అది రామేశ్వరి గొంతే.

“తగల్లేదే,” అంది ఆడుతున్నామె, ఏమీ ఎరగనట్టు.

“తగిలింది. నేను సూసినా. మా అవ్వ గూడా ఇట్లే తొండాట ఆడుతుండె.”

“అట్లనా? ఆడి గెలుస్తుండెనా?”

“యాడ గెలుస్తుండె? నేను పట్టుకుంటాంటి గదా,” అంది రామేశ్వరి. ఇక ఆగలేదు. నవ్వుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ, అవ్వ చేసిన మోసాలన్నీ చెప్పసాగింది.

శేషన్నకు ఏడుపు ఆగలేదు.

“పిల్లకు పన్ను నొప్పయితే నువ్వేడుస్తావేమప్పా?” అంది సుంకులమ్మ. ఆమె చూపు మాత్రం ఆంజనేయులు మీదే ఉంది.

“పన్ను కాదత్తా. బిడ్డ మనసు బాగలేక తెచ్చినా. ఊరంతా చెప్పుకో పో, నాకింక భయం లేదు.”

సుంకులమ్మ తల వంచుకుంది. శేషన్న చివరి గది ముందు నిలబడిన బంట్రోతు దగ్గరికి నడిచాడు. వసారా అంతా వినబడేలా అడిగాడు.

“అన్నా, పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఎప్పుడొస్తాది? నా కూతుర్ని సూపించల్ల.”

బంట్రోతు నవ్వాపుకుంటూ, “డాక్టరమ్మ ఇందాకట్నుంచి నీ కూతురితో గచ్చకాయలు ఆడతానే ఉండాది గదప్పా, పళ్ల డాక్టరు బదిలీ అయిపోయి యాడాదాయ, ఈ బెంచీ మీద ఎవురికీ పన్ను నొప్పి లేదు,” అన్నాడు.