దినాలు చెయ్యని తల్లి

"దినాలు చెయ్యకుంటే కేసు నిలవదమ్మా!" వకీలు అమర్నాథ్ బల్ల మీద గుద్ది మరీ చెప్పాడు. "మనిషి పోయిండని ఊరంత అనాలె. కన్నతల్లే కర్మ వద్దంటుంటే ఓడ కంపెనీ వకీలు ఊకుంటడా?"

సుమిత్ర అత్త వంక చూసింది. నారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఏం మొండితనమో, ఎవరు చెప్పినా చెవికెక్కదు!

గోవా మనదైన ఏడాది సుమిత్ర మొగుడు బస్వరాజ్ బొంబాయి పోయి ఓడలో ఖలాసీగా చేరాడు. రెండేళ్లు తిరక్కుండానే తుఫానులో కొట్టుకుపోయాడని కబురొచ్చింది. తుఫాను తర్వాత అతన్ని చూడలేదని తోటి ఖలాసీలూ చెప్పారు. కంపెనీ మాత్రం ఒప్పుకోలేదు. సముద్రంలో పడలేదట, ఓడ బొంబాయి రేవు చేరాక చెప్పాపెట్టకుండా దిగి పారిపోయాడట, కాబట్టి పరిహారం లేదట! శవం దొరకలేదు కదా, ఏమైనా అంటారు.

పరిహారం వస్తే కోహీర్ దారిలో ఎకరం చెలక కొనుక్కోవచ్చు. జహీరాబాద్ ఆసాముల అల్లం చేలల్లో కలుపుతీసే బతుకు తప్పుతుంది. అది సరే, సుమిత్రను అంతకంటే ఎక్కువ మండించింది ఆ 'పారిపోయాడు' అన్న మాట. పెళ్లాన్నీ పిల్లనూ వదిలేసి పోయే మనిషా తన మొగుడు?

"అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత. గాజులు పలగ్గొట్టుకునేది నేను. నీకేం పోతది?"

"బతికున్నోనికి దినాలు చెయ్యమంటవా?"

"ఏడున్నడు బతికి? బొంబాయి పోయి ఆఫీసులన్ని తిరిగొస్తివి. జాడ దొరికెనా?"

నారమ్మ లేచి బయటికి నడిచింది. బొంబాయి నుంచి వచ్చినప్పటినుంచీ ఇంతే. కొడుకు మాటెత్తితే చాలు, లేచి వాకిట్లోకి పోతుంది. పాపం, కడుపుకోత అని ఊళ్లోవాళ్లంతా జాలిపడ్డారు. సుమిత్ర కూడా జాలిపడే తన ముద్దలో సగం ఆమెకు పెడుతూ వచ్చింది.

వాయిదా రానే వచ్చింది. బొంబాయి నుంచి దిగిన కంపెనీ వకీలు నారమ్మను బోనెక్కించాడు. దేవుని మీద ప్రమాణం చేయించి అడిగాడు.

"నీ కొడుకు చనిపోయాడా?"

నారమ్మ ఒకసారి కోడలి వైపు చూసింది.

"లేదయ్యా. సావలే."

అమర్నాథ్ ఎగిరి లేచాడు. "నీకెట్ల తెలుసు?"

"కన్నదాన్ని. నాకు తెల్వదా?"

వెనకనుంచి ఎవరో 'అయ్యో తల్లీ' అన్నారు. ఇంకేముంది! శవం లేదు, పడ్డది చూసినవాడు లేడు, కన్నతల్లే బతికున్నాడంది. కేసు కొట్టేశారు.

బస్టాండులో సుమిత్ర ఆగలేకపోయింది. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా అరిచింది.

"నమ్ముకుంటే నట్టేట ముంచినవ్ గదనే! కూలికి పోయి నిన్ను సాకింది నేను. జరమొస్తే దవాఖానకు మోస్కపోయింది నేను. కంపెనోళ్లు నీకెంతిచ్చిన్రే?"

"నీ మీదొట్టు బిడ్డా, పైస ముట్టలే."

"మరెందుకన్నవ్? ఆశుంటే ఇంట్ల కూసోని ఏడ్వు! జడ్జి ముంగట నా మొగుణ్ణి పారిపోయినోణ్ణి చేస్తివి. పిల్ల నోట్ల మన్ను కొడ్తివి. సావలేదని నీకేమన్న కలొచ్చిందా?"

నారమ్మ తల పైకెత్తలేదు. కళ్లనీళ్లు కొంగుమీద పడుతున్నాయి.

"బొంబాయిల వాని రెండో పెండ్లికి నేనే అచ్చింతలేసొచ్చిన, బిడ్డా."