మాస్టారి రిపోర్టు

వెల్డరు చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, చేతిలోని పొడి డబ్బాని డ్రిల్లు మాస్టారి కంచం పక్కన పెట్టాడు. పెట్టడం కాదు, మోదాడు. మూత ఎగిరి గోడవారకి దొర్లుకుంటూ పోయింది.

"ఇది నువ్వే తాగు బావా. నీ చెల్లెలు ఆస్పత్రిలో ఉంది."

మాస్టారు నోటిదాకా వచ్చిన ముద్దని కంచంలోనే వదిలేసి, ఏమైందని అడిగాడు.

ఏమవ్వాలో అదే అయింది అన్నాడు వెల్డరు. పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తూ అలాగే కూలబడిపోయింది. పిలిస్తే పలకలేదు. ఎత్తుకుని తీసుకెళ్తే షుగరు ఐదొందలు దాటిందన్నారు. మాత్రలు ఎవరు మాన్పించారని డాక్టరమ్మ నిలదీస్తే వెల్డరుకి బావ తెచ్చిచ్చిన ఈ పొడి సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ డబ్బా తెప్పించి చూసింది. ఇందులో ఉన్నవి విటమిన్లు, పీచు. ఒంట్లో తక్కువైన వాళ్ళకి పనికొస్తాయేమో గానీ మాత్ర చేసే పని ఇది చెయ్యదంది. ఇది మందు కాదని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వాళ్ళే రాసుకున్నారు, చూసుకోలేదా అంది.

చూసుకోలేదు. నాలుగు నెలలుగా రోజూ తన చేత్తోనే రెండు చెంచాలు కలిపి భార్యకిచ్చాడు. ఒక్కనాడూ డబ్బా తిప్పి చూడలేదు. తన మీద తనకున్న ఆ మంట కూడా కలిసి ఇప్పుడు బావ మీదకి ఎగదన్నుకొచ్చింది.

మాస్టారు గబగబా చెయ్యి కడుక్కుని, ముందు దాన్ని చూడనీ అంటూ చొక్కా తొడుక్కున్నాడు. వెల్డరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు రాకు. మాత్రలు చెత్తబుట్టలో వేసింది నువ్వు. నా ఇంట్లో, నా కళ్ళ ముందే వేశావు. మళ్ళీ వచ్చి ఆ సెలైను కూడా పీకేస్తావు."

ఆ మాట మాస్టారికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మైదానంలో మూడొందల మందిని వరసలో నిలబెట్టే గొంతు ఒక్కసారి లేచింది. తను వాడనిది చెల్లెలికి చెప్పాడా అన్నాడు. తోడబుట్టినదాని చెడు కోరతాడా అన్నాడు. విసురుగా వెళ్ళి బీరువాలోంచి తన రక్తపరీక్ష రిపోర్టు తెచ్చి వెల్డరు ముఖం మీద ఆడించాడు. ఆర్నెల్ల కిందట మూడొందలున్న షుగరు ఇప్పుడు నూట ఇరవై ఆరు.

"చదువుకో. ఆర్నెల్లుగా ఒక్క మాత్ర ముట్టలేదు నేను. పొడి మంచిదే. నీ పెళ్ళామే నోరు కట్టుకోలేదు. చాటుగా ఏం తిందో, దాన్నడుగు."

తెలివి లేకుండా పడున్న మనిషిని పట్టుకుని అనే మాటా ఇది? వెల్డరు రిపోర్టుతో సహా బావ చొక్కా పట్టుకుని గోడకి అదిమాడు. పాతికేళ్ళ వరసలో ఎప్పుడూ చెయ్యి లేవలేదు, ఇవాళ లేచింది.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయి ఉన్న మాస్టారి భార్య పరుగున వచ్చి ఇద్దరి మధ్యా దూరింది.

"వదలండి అన్నయ్యా. ప్రాణానికి భయం లేదని చెప్పారా?"

రెండ్రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారని వెల్డరు పళ్ళ బిగువున అన్నాడు.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయితే పట్టుకోవాల్సింది ఆయన్ని కాదు. నన్ను."

ఇంకా మొగుణ్ణి వెనకేసుకొస్తున్నావా అని వెల్డరు ఆమె మీదా విరుచుకుపడ్డాడు. నీకేం తెలుసు, లోపలికి పొమ్మని మాస్టారు కసిరాడు. ఇన్నేళ్ళలో ఆ కసురుకి ఆవిడ లోపలికి పోని రోజు లేదు. ఇవాళ కదల్లేదు.

"ఈయన డబ్బా పట్టుకుని మీ ఇంటికి బయల్దేరిన రోజే చెప్పాల్సింది అన్నయ్యా. ఈయన కోపానికి జడిసి నోరు మూసుకున్నాను."

"ఏం చెప్పాల్సింది?" మాస్టారు చొక్కా విడిపించుకుంటూ గద్దించాడు.

ఆవిడ మొదటిసారి భర్త కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"మీరు మానేసిన మాత్రలే రోజూ మెత్తగా దంచి, మీ పొడిలో కలిపి ఇస్తున్నానని."